గోరఖ్‌పూర్ నుంచి పోఖరాకి ఒక్క రోజులో బస్సు: 38 మంది పెద్దవాళ్ళతో కుదిరే పనేనా?

నరసరావుపేట_బృందం

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో కాశీ–నేపాల్ బస్సు యాత్ర పెట్టుకున్నాం. 38 మంది యాత్రికులు, ఎక్కువమంది 55 నుంచి 72 ఏళ్ళ లోపు. 2+2 పుష్‌బ్యాక్ బస్సు, ఇద్దరు డ్రైవర్లు, వంటకి ముగ్గురు. మొత్తం 43. గయ, కాశీ, అయోధ్య అయ్యాక గోరఖ్‌పూర్‌లో రాత్రి బస. ఆ మర్నాటి గురించే నా బెంగంతా. ట్రావెల్స్ వాళ్ళు రాసిచ్చిన కాగితం ఇది:

ఉదయం 6 గోరఖ్‌పూర్. 9 సునౌలి బోర్డరు. 11 లుంబిని. 1 భోజనం. 2 కి బయల్దేరి రాత్రి 8 కి పోఖరా.

ఇది నిజంగా జరిగేదేనా? బోర్డరులో ఏ కాగితాలు అడుగుతారు? ఆ రోజు వంట ఎలా చేయాలి? బృందంలో ఇద్దరు ఇన్సులిన్ వాడతారు. ఒక పిన్నిగారికి ఘాట్‌రోడ్డంటే వాంతులు. ఒక దంపతులు అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవణ్ణి (16 ఏళ్ళు) వెంటబెట్టుకు వస్తున్నారు. వివరంగా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

చక్రధర్_బెజవాడ

ఆ కాగితం ప్రకారం వెళ్ళకండి. మైదానం మీద బస్సు నడిచే వేగంతో కొండ దారిని లెక్కగట్టారు. అసలు తప్పు అక్కడే ఉంది.

లెక్క చూడండి. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి 100 కి.మీ. లోపే, రెండున్నర మూడు గంటలు. ఇంతవరకు వాళ్ళు రాసింది సరే. బోర్డరుకి కొన్ని కిలోమీటర్ల ముందు నుంచే లారీల వరస మొదలవుతుంది. ఆ పక్క నుంచి బస్సు దూరి ముందుకెళ్ళడం, మన వైపు తనిఖీ, అవతల బెలహియాలో భన్సార్ (నేపాల్ కస్టమ్స్‌ని అందరూ ఇదే మాటతో పిలుస్తారు), బస్సుకి అనుమతి, అన్నీ కలిపి రెండు గంటలు పెట్టుకోండి. మూడైనా ఆశ్చర్యపోవద్దు. అంటే 9 కి బోర్డరు చేరితే అది దాటేది 11 కి. అప్పటికి నేపాల్ గడియారంలో 11:15. వాళ్ళ టైము మనకన్నా 15 నిమిషాలు ముందు. బోర్డరు దాటగానే వచ్చే ఊరు భైరహవా. అక్కడి నుంచి లుంబిని పడమటికి 22 కి.మీ., పోఖరా దారి మాత్రం ఉత్తరానికి. లుంబిని వెళ్ళొస్తే ఎంత పరుగు మీద చూసినా మూడు గంటలు. మళ్ళీ భైరహవాకి వచ్చేసరికి 2:30. అక్కడి నుంచి బుట్వల్ 25 కి.మీ. లోపే. కొండ బుట్వల్‌లోనే మొదలు.

బుట్వల్ నుంచి పోఖరాకి సిద్ధార్థ హైవే మీద సుమారు 155 కి.మీ. 12 మీటర్ల బస్సు ఆ మలుపుల్లో సగటున గంటకి 22–25 కి.మీ. దాటదు. ఆగకుండా వెళ్ళినా ఆరున్నర ఏడు గంటలు. మధ్యలో రెండుసార్లు ఆపాలి కదా. అంటే పోఖరా చేరేది రాత్రి 11 తర్వాతే. నవంబరు మధ్యలో పోఖరాలో సాయంత్రం 5 దాటి పావుగంటకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ లెక్కన కొండ దారి నడకలో ఎక్కువ భాగం చీకట్లోనే పడుతుంది. ఎదురుగా లారీల లైట్లు, పక్కన లోయ, ఆ రోడ్డు కొత్తయిన డ్రైవరు. ఇది నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకూడదు.

డ్రైవర్ల వైపు నుంచి కూడా ఆలోచించండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు వర్కర్ల చట్టం డ్రైవరుకి రోజుకి 8 గంటల పని, 5 గంటలయ్యాక కనీసం అరగంట విశ్రాంతి అని పెట్టింది. ఇద్దరున్నారు కాబట్టి 16 గంటలు నడపొచ్చు అనుకోవద్దు. బోర్డరులో ఆ రెండు మూడు గంటలూ కాగితాలు పట్టుకుని తిరిగేది వాళ్ళే.

నా సలహా: గోరఖ్‌పూర్ బస తీసేయండి. అయోధ్యలో తెల్లవారుజామున 4:30 కి బయల్దేరితే సునౌలి సుమారు 235 కి.మీ., 10:30–11 మధ్య చేరతారు. బోర్డరు దాటేసరికి 1. అక్కడే ఏదైనా తిని లుంబిని. 2:30 నుంచి 4:30 దాకా తీరిగ్గా చూడొచ్చు. లోపలికి బస్సు వెళ్ళదు, గేటు నుంచి మాయాదేవి ఆలయం దాకా దూరం ఉంటుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఈ-రిక్షా మాట్లాడండి. రాత్రి భైరహవాలో బస. మర్నాడు నేపాల్ టైము ఉదయం 6 కి కదిలితే 7 కి బుట్వల్, 9:30 లోపు తాన్సేన్ మలుపు, మధ్యాహ్నం 1 కి వాలింగ్ దగ్గర భోజనం, 4 కల్లా పోఖరా. గంట ఆలస్యమైనా కొండ దారి వెలుతుర్లోనే అయిపోతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. కార్తీకంలో అయోధ్యలో పరిక్రమ, పౌర్ణమి స్నానాల రోజుల్లో బస్సుల్ని ఊరి బయటే ఆపేస్తారు. మీ తేదీ ఆ రోజుల్లో పడితే బస ఊరి బయటే చూసుకోండి. లేకపోతే 4:30 కి బస్సు దగ్గరికి చేరడమే పెద్ద పని.

కృష్ణాతీరం

పై లెక్కలన్నీ సరే కానీ సిద్ధార్థ హైవే ఎందుకండీ? బుట్వల్ నుంచి తూర్పుకి నారాయణ్‌ఘాట్, అక్కడి నుంచి ముగ్లింగ్, అక్కడి నుంచి పోఖరా వెళ్తే మలుపులు తక్కువ. పెద్ద బస్సుకి అదే నయం.

చక్రధర్_బెజవాడ

మలుపులు తక్కువ, నిజమే. కానీ దూరం చూడండి. బుట్వల్–నారాయణ్‌ఘాట్ 110 కి.మీ. పైన, నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ 36, ముగ్లింగ్–పోఖరా మరో 90. మొత్తం 235 పైమాటే. అటు 155. పైగా వెడల్పు పనుల వల్ల మట్టి రోడ్డు, ఆపడాలు తగులుతూనే ఉంటాయి. పనులు ఎక్కడ నడుస్తున్నాయో నెలనెలా మారిపోతుంది.

నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ ముక్క త్రిశూలి నది అంచున పోతుంది. 2024 జులై 12 తెల్లవారుజామున సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సుల్ని నదిలోకి తోసేసింది అక్కడే. అది వానాకాలం, అదీ రాత్రి ప్రయాణం. అటు బుట్వల్ దాటగానే తినావు నది పక్కన సిద్ధబాబా గుడి దగ్గర కూడా రాళ్ళు పడతాయి. వానల్లో ఆ ముక్క మూసేస్తుంటారు, అందుకే అక్కడ సొరంగం పని పెట్టుకున్నారు. నవంబరులో రెండు దారులూ పొడిగానే ఉంటాయి. ఏ దారన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు. ముందు రోజు రాత్రి భైరహవా హోటలు వాళ్ళని, పొద్దున నేపాల్ ట్రాఫిక్ పోలీసుల్ని (103) అడగండి. 'పహిరో' అంటే కొండచరియ, 'బాటో బంద్' అంటే దారి మూసేశారని. ఈ రెండు మాటలు వినబడితే బస్సు కదపొద్దు.

బస్సు గురించి. ఈ రోజుకి అసలు పరీక్ష ఎక్కడం కాదు, దిగడం. తాన్సేన్ పక్క నుంచి రామ్‌దీ దగ్గర కాళీగండకి వంతెన దాకా ఒకటే దిగుడు. అక్కడ బ్రేకు మీదే ఆధారపడి దిగితే డ్రమ్ము వేడెక్కి లైనింగు పట్టు వదిలేస్తుంది. ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా బండి నిలవదు. మాటిమాటికీ తొక్కి వదులుతుంటే ట్యాంకులో గాలి కూడా తరిగిపోతుంది. ఏ గేరులో ఎక్కేవాళ్ళో ఆ గేరులోనే దిగాలి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగని అడ్డగించి బండి వేగం తగ్గించేది) వేసే ఉంచాలి, కాలి బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి. గాలి గేజు 6 బార్ వైపు జారుతుంటే పక్కకి ఆపి ఇంజను మీద నింపుకోవాలి. వాసన వస్తే అరగంట ఆపండి. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టండి. వేడి డ్రమ్ము మీద నీళ్ళు పోయనివ్వకండి, చిట్లిపోతుంది. మనవాళ్ళు తొందరపడి చేసే పని అదే.

బయల్దేరే ముందు బస్సు యజమానిని నాలుగు అడగండి. ముందు టైర్లు రెండూ కొత్తవేనా, రీట్రెడ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు) చేయించినవా? రీట్రెడ్ అయితే ముందుకి వద్దు. ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేస్తోందా? బ్రేకు లైనింగులు ఎప్పుడు మార్చారు? స్టెప్నీ, జాకీ, చెక్క దిమ్మలు ఉన్నాయా? టాపు మీద సామాను వేయనని కూడా మాట తీసుకోండి. బియ్యం మూటలు, సూట్‌కేసులు పైన పడితే మలుపులో బస్సు ఒరిగే తీరు మారిపోతుంది. సామానంతా డిక్కీలోనే సర్దాలి.

రామ్‌దీ దగ్గర పది నిమిషాలు ఆపమనండి. బ్రేకులు చల్లబడతాయి. మన పెద్దలకి అది వంతెన మాత్రమే కాదు, సాలగ్రామాలు దొరికే గండకి. ముక్తినాథ్ పక్క నుంచి వచ్చే నీరే. చూసి దణ్ణం పెట్టుకుంటారు. స్నానాలంటే మాత్రం గంట పోతుంది, ఆ రోజు వద్దు.

నరసరావుపేట_బృందం

చాలా థ్యాంక్స్ అండీ. గోరఖ్‌పూర్ బస రద్దు చేసి భైరహవాకి మార్చమని ఈ రోజే అడుగుతాం. బోర్డరు కాగితాల గురించి ఎవరైనా చెప్పండి. ఆధార్ చాలని ట్రావెల్స్ వాళ్ళు అంటున్నారు.

సీమాంతం_నిజామాబాద్

ఆధార్ అందరికీ చాలదు. 15 ఏళ్ళ లోపు, 65 ఏళ్ళ పైబడినవాళ్ళకి వయసు, గుర్తింపు చూపే కార్డుగా ఆధార్ నడుస్తుంది. 15కి 65కి మధ్య ఉన్నవాళ్ళకి పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గాని ఒరిజినల్ ఉండాలి. మీ బృందంలో 55–65 మధ్య ఉన్నోళ్ళే ఇరుక్కుంటారు. రోడ్డు మీద బోర్డరులో ఒక్కోసారి అందరివీ చూడకుండా బస్సు పంపించేస్తారు, అందుకే ట్రావెల్స్ వాళ్ళు చాలని చెప్తరు. కానీ హోటల్లో, సిమ్ కొనేకాడ, పోఖరా నుంచి ముక్తినాథ్ పోయేట్టయితే దాని పర్మిట్ తీసుకునేటప్పుడు, ఆ గుడికి దగ్గరి జోమ్‌సోమ్‌కి విమానం ఎక్కేటప్పుడు ఆధార్ పట్టుకుని నిలబడితే పని కాదు. ఇప్పుడే అందరి ఓటరు కార్డులూ తెప్పించి చూడండి. పోగొట్టుకున్నవాళ్ళు డూప్లికేటుకి అప్లై చేసుకోవాలంటే టైము పడుతుంది.

పేరు, వయసు, లింగం, కార్డు నంబరు, ఊరు, ఇంటి ఫోను. ఇంగ్లిష్‌లో ఈ పట్టిక టైపు చేయించి 8 కాపీలు తీయండి. డ్రైవర్లు, వంటవాళ్ళు కూడా అందులో ఉండాలి. చాలామంది వాళ్ళని మరిచిపోయి బోర్డరులో చేత్తో రాస్తూ కూర్చుంటరు. ఒక్కొక్కరికి రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ముక్తినాథ్ పర్మిట్‌కి అక్కరకొస్తాయి.

బస్సుకి: ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఇద్దరు డ్రైవర్ల లైసెన్సులు, అన్నీ ఒరిజినల్స్. సెల్‌ఫోన్లో చూపిస్తామంటే అవతల వైపు కుదరదు. ఇన్సూరెన్సు గురించి ప్రత్యేకంగా అడగండి. మన మోటారు పాలసీ మామూలుగా ఇండియాలోనే చెల్లుతుంది. నేపాల్‌కి వర్తించాలంటే ఐఎంటీ 1 అనే ఎండార్స్‌మెంటు అదనంగా కట్టి వేయించాలి. అది లేకుండా పోతే అవతల ఏమన్నా అయినప్పుడు కంపెనీ చేతులు దులుపుకుంటుంది. యజమాని 'ఫుల్ ఇన్సూరెన్సు ఉంది' అంటే సరిపోదు, ఎండార్స్‌మెంటు కాగితం ఫొటో పంపమనండి. యాత్రికుల హెల్త్ పాలసీలు కూడా అంతే, చాలా వాటికి దేశం దాటితే వర్తించదు. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు నేపాల్ పేరు ఉందో, 70 దాటినవాళ్ళకి పరిమితి ఏమిటో చూడండి.

భన్సార్‌లో బస్సుకి రోజుల లెక్కన డబ్బు కడతారు. వచ్చిన రోజు, వెళ్ళే రోజు రెండూ లెక్కే. మీ ప్లాను 7 రోజులైతే 8 కి కట్టండి. దారి మూసి ఒక రోజు ఎక్కువైతే వెళ్ళేటప్పుడు పడే జరిమానా కన్నా ఆ ఒక్క రోజు డబ్బు తక్కువే. బయట నిలబడి 'నేను చేయిస్తా' అనే ఏజెంట్లకి ముందు మొత్తం ఒకేసారి మాట్లాడుకోండి, ప్రభుత్వ రసీదు మీద ఎంత ఉందో చూసి ఆ మొత్తం, అతని కూలి విడివిడిగా ఇవ్వండి. ఆ రసీదు, రోడ్డు అనుమతి రెండూ తిరిగి వచ్చేదాకా డ్రైవరు సీటు పైన కవర్లో ఉండాలి. దారిలో ఆపిన ప్రతి పోలీసూ అడిగేది ఆ రెండే.

అమెరికా పాస్‌పోర్టు బాబు గురించి. ఇది అందరికన్నా ముందు చూసుకోవాలి. అతనికి నేపాల్ వీసా కావాలి, సునౌలి–బెలహియాలో వచ్చాక ఇస్తారు: 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50 డాలర్లు. డాలర్లు నగదుగా, ఫొటోతో దగ్గర పెట్టుకోండి. కానీ దానికన్నా ముందు మన వైపు ఇమిగ్రేషన్‌లో దేశం దాటినట్టు ముద్ర పడాలి. ఆ ఆఫీసు సునౌలి బజారు రోడ్డు పక్కన చిన్నది. మన బస్సులకి అక్కడ పని ఉండదు కాబట్టి డ్రైవరు ఆపకుండా పోతడు. అవతలికి పోయాక 'ఇండియా ముద్ర ఏది' అని వెనక్కి పంపుతరు. బస్సు దాటకముందే అతనితో ఒకరు దిగి నడిచి రెండు ఆఫీసులూ చేయించాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే తిరిగి రావడానికి తిప్పలు లేవు, అది ఒరిజినల్ తెచ్చుకోవాలి. ఇండియాకి ఈ-వీసా మీద వచ్చినవాళ్ళయితే ఈ బోర్డరు నుంచి తిరిగి లోపలికి రావడం కుదురుతుందని అనుకోవద్దు. ఆ బాబుకి ఏది ఉందో ఈ వారమే అడిగి చెప్పండి.

వంటశాల_తణుకు

వంట సంగతి. అందరికన్నా ముందు గ్యాసు. డిక్కీలో సిలిండరు పెట్టుకుని కొండెక్కడం మన యాత్ర బస్సుల్లో మామూలైపోయింది. దయచేసి ఆపండి. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండరు మీద వండబోతే మంటలంటుకుని తొమ్మిది మంది పోయారు. బస్సులో ద్వారం ఒకటి రెండే, మోకాళ్ళ నొప్పులవాళ్ళు 38 మంది. భైరహవా, పోఖరా హోటళ్ళలో వెనక వంటగది గాని పెరడు గాని మాట్లాడుకోండి. బర్నర్లు, గిన్నెలు మీవి, గ్యాసు వాళ్ళది. హోటలు బుక్ చేసేటప్పుడే ఈ మాట రాయించుకోవాలి, రాత్రి 8 కి వెళ్ళి అడిగితే ఒప్పుకోరు.

ఆ కొండ రోజు దారిలో పొయ్యి వెలిగించే పనే పెట్టుకోకండి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. మూడూ భైరహవాలోనే వండాలి. 6 కి బస్సు కదలాలంటే పొయ్యి 3 కి వెలగాలి.

43 మందికి లెక్క. ఉప్మాకి రవ్వ మూడున్నర కిలోలు, నీళ్ళు పదిన్నర లీటర్లు. దారిలో తినేది కాదు, హోటల్లోనే వేడిగా పెట్టేసి ఎక్కించండి. పులిహోరకి బియ్యం 5 కిలోలు, చింతపండు అర కిలో, నూనె 600 మి.లీ., వేరుశనగ గుళ్ళు అర కిలో, శనగపప్పు, మినప్పప్పు 150 గ్రాముల చొప్పున, పచ్చిమిర్చి పావు కిలో, ఎండుమిర్చి 100 గ్రాములు. చింతపండు పులుసు ముందు రోజు రాత్రే నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకుంటే పొద్దున సగం పని తప్పుతుంది. పచ్చి పులుసు మిగిలితే మధ్యాహ్నానికి అన్నం నీరు వదిలి పాడవుతుంది.

పులిహోర చెడేది ఎక్కువగా కట్టడంలోనే. అన్నం దించగానే వెడల్పు పళ్ళాల్లో గాని ఉతికిన పంచె మీద గాని పరచండి. పైన పసుపు, నూనె చల్లి వేళ్ళతో విడదీయండి. గింజ చేతికి వెచ్చగా కూడా తగలకూడదు. అప్పుడు పులుసు కలపాలి. వేడి మీద కలిపి మూత పెడితే ఆవిరి మూతకి అంటి చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది, ఆ తడి పడినచోటే 11 గంటలకల్లా పులుపు వాసన మొదలు. అందుకే 3 కే మొదలుపెట్టమన్నది, ఆరడానికి గంటన్నర పడుతుంది. ఉల్లి, కొబ్బరి వేయొద్దు. పొట్లాలు కట్టడం కన్నా రెండు పెద్ద స్టీలు డబ్బాల్లో వేసి, దిగిన చోట వడ్డించడం మేలు.

పెరుగన్నానికి పెరుగు కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. రెండున్నర కిలోల బియ్యం మెత్తగా వండి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు 3 లీటర్లు పోసి, రెండు గరిటెల పెరుగు తోడుగా కలపండి. కదిలే బస్సులో వాలింగ్ చేరేసరికి కమ్మగా తోడుకుంటుంది. ఉప్పు, తాలింపు అక్కడే కలపాలి. ఉప్పు ముందే వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది.

దారిలో ఖానా హోటళ్ళు చాలా ఉంటాయి. అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి పళ్ళెం నిండా పెడతారు, పప్పు, అన్నం అడిగితే మళ్ళీ వేస్తారు. ఆవనూనె వాసన మనవాళ్ళకి పడదు, అదే వంటగదిలో మాంసం కూడా వండుతారు. పట్టింపు ఉన్నవాళ్ళకి ఆ రోజు మన డబ్బాలే గతి. మోమో అంటే శాకాహారమని అనుకోవద్దు, చాలాచోట్ల గేదె మాంసంతో చేస్తారు. 'బఫ్' అని రాసి ఉంటుంది.

ఓరుగల్లు_ఫార్మసీ

ఇన్సులిన్ వాడేటోళ్ళకి: వాడుతున్న పెన్ను గాని సీసా గాని చిన్న చల్లని సంచిలో సీటు దగ్గరే ఉండాలె. డిక్కీలో వద్దు, ఐసుకి ఆనించి పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. పొద్దున ఇంజెక్షన్ తీసుకుని 5:30 కి ఉప్మా తింటే మధ్యాహ్నం 1 దాకా ఏడున్నర గంటలు. మధ్యలో 10 గంటలకి అరటిపండో, నాలుగు బిస్కెట్లో తప్పకుండా తినిపించాలె. చెమటలు, వణుకు, మాట తడబడటం కనబడితే ముందు పంచదార నీళ్ళు, తర్వాత మాటలు. పక్క సీటాయనకి ఈ సంగతి చెప్పి ఉంచండి.

వాంతులయ్యే పిన్నిగారికి వెనక సీటు అస్సలు వద్దు. వెనక చక్రాల అవతల బస్సు ఊపు ఎక్కువ. ముందు నుంచి రెండు మూడు వరసల్లో, రోడ్డు కనబడేటట్టు. రోజూ సీట్లు మార్చుకునే పద్ధతి ఉంటే ఈ రోజుకి ఆ రెండు వరసలు తీసి పక్కన పెట్టండి. అవొమిన్ మాత్ర బయల్దేరడానికి గంటన్నర రెండు గంటల ముందు వేసుకోవాలె. మలుపులు మొదలయ్యాక వేసుకుంటే మాత్రే బయటికొస్తది. నిద్ర వస్తది, నోరెండుతది. ప్రోస్టేట్, గ్లకోమా ఉన్నోళ్ళు డాక్టరుని అడగకుండ వేసుకోవద్దు.

బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేటోళ్ళు ఆ రోజు ఏ టైముకి వేసుకోవాలో ఊర్లోనే డాక్టరుని అడిగి రావాలె. పొద్దున వేసుకుంటే సరిగ్గా తాన్సేన్ మలుపుల మీద ఆపమంటరు, అక్కడ బస్సు ఆగే చోటు ఉండది. బాత్రూం భయానికి ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తరు, సాయంత్రానికి తలనొప్పి, మంట. ప్రతి రెండు గంటలకి ఫలానా చోట ఆపుతమని పొద్దున్నే మైకులో చెప్పండి, అప్పుడు ధైర్యంగా తాగుతరు. బుట్వల్, తాన్సేన్ మలుపు, రామ్‌దీ దాటినంక ఒక హోటలు, వాలింగ్, స్యాంజా. ఈ ఐదూ సరిపోతయి. నేపాల్‌లో అంబులెన్సు 102, పోలీసు 100, టూరిస్టు పోలీసు 1144. చిన్న కాగితం మీద రాసి ప్రతి ఒక్కరికీ ఇవ్వండి.

నరసరావుపేట_బృందం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బాబుకి ఓసీఐ ఉందట, ఒరిజినల్ తెమ్మని చెప్పాం. ఇక డబ్బు, ఫోన్ల సంగతి ఒక్కటే మిగిలింది.

సీమాంతం_నిజామాబాద్

మన 100 రూపాయలకి వాళ్ళ 160. ఈ లెక్క మారదు. మన వంద నోట్లు దుకాణాల్లో తీసుకుంటరు, 500 నోటు వద్దంటే వాదన పెట్టుకోకండి. ఒక్కొక్కరు వంద నోట్లే కట్టగా తెచ్చుకుంటే గొడవ లేదు. ధర చెప్పగానే 'ఐసీనా, ఎన్‌సీనా' అని అడగాలి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ళది. అడగకుండా 160 అన్నదానికి మన 160 ఇచ్చి వచ్చే పెద్దవాళ్ళు చాలామంది. చిల్లర వాళ్ళ నోట్లలో ఇస్తరు, అది లెక్కబెట్టుకోవాలి.

2024 మార్చి నుంచి ఫోన్‌పే, గూగుల్ పే లాంటి మన యాప్‌లతో అక్కడి ఫోన్‌పే నేపాల్ క్యూఆర్ మీద చెల్లించొచ్చు. పేరు ఒకటే అనిపిస్తుంది గానీ అది వేరే కంపెనీ. దానికి ఫోన్లో నెట్ ఉండాలి, మన సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేసుకుంటేనే అవతల నెట్ వస్తుంది. 43 మందికీ అక్కర్లేదు. బృందంలో నలుగురు, డ్రైవరు ఒకరు భైరహవాలో ఓటరు కార్డు చూపి నేపాల్ సిమ్ కొనుక్కుని, ఆ ఐదు నంబర్లూ అందరి మెడలో వేసే కార్డు మీద రాయించండి. కార్డు మీద హోటలు పేరు నేపాలీ అక్షరాల్లో కూడా ఉండాలి. తప్పిపోయిన పెద్దాయన్ని పోఖరా లేక్‌సైడ్‌లో టాక్సీ అతను తీసుకొచ్చి దింపాలంటే అతను చదవగలిగింది అదే.